పందిరి నిండా చిక్కుళ్ళు, కంచం నిండా క్యాబేజీ

మాటివ్వడానికి ఎండాకాలాన్ని మించిన కాలం లేదు. వేడికి ఆకలి చచ్చి ఉంటుంది, కాయ కళ్ళెదుట ఉండదు, నోరు మాత్రం ఖాళీగా ఉంటుంది. సత్యకుమారి నూకరత్నానికి మాటిచ్చింది అలాంటి మధ్యాహ్నం పూటే. ఇప్పుడు పుష్యమాసపు చలిలో, కాయల బరువుకి నడుం వంగిన పందిరి కింద నిలబడి ఆ మధ్యాహ్నాన్ని తిట్టుకోని రోజంటూ లేదు.

సత్యకుమారి భర్త శ్రీనివాసరావుకి డుంబ్రిగుడ సంతకెళ్ళే దారిలో కిరాణా కొట్టు. ముందు కొట్టు, మధ్యలో ఇల్లు, వెనకాల పెరడు. చోడవరంలో అద్దెవాటాలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ వ్యవసాయమంతా కిటికీలో పగిలిన బకెట్టు, అందులో నాలుగు కొత్తిమీర మొక్కలు. కొండమీదికి వచ్చాక పెరట్లో నేల చూసి ఆవిడకి మతిపోయింది. గొడ్డలికామా పాతినా చిగురేసేలా ఉంది. మొదటి చలికాలంలోనే క్యాబేజీ, క్యారెట్టు, ముల్లంగి, బఠాణీ అన్నీ విరగకాశాయి. ఒక్క చిక్కుడు తప్ప.

ఆ ఒక్కటే ఆవిడకి కావాలి. చలికాలంలో చిక్కుడుకాయ లేకపోతే ఆవిడ దృష్టిలో అది చలికాలమే కాదు, ఊరికే జలుబు చేసే కాలం. ప్యాకెట్ విత్తనాలు తెప్పించి ఒక ఏడాది వేస్తే తీగ ఇంటికప్పు దాకా పాకింది గాని ఒక్క పువ్వు పూయలేదు. మరుసటేడు పూసింది, పూసినదంతా పేనుబంక తినేసింది. అప్పుడు పక్కింటి నూకరత్నం కంచె మీంచి చూసి, "ఆ ఇత్తనం ఈ మంచుకి ఆగదు సావుకారమ్మా," అని వెళ్ళిపోయింది.

సావుకారమ్మా. ఇదొక్కటి సత్యకుమారికి గుచ్చుకునేది. నూకరత్నం వీధిలో ఉన్న ఆడవాళ్ళందరినీ అక్క వరస కలిపి అప్ప అనో, లేకపోతే వదిన అనో పిలుస్తుంది. ఆఖరికి వానాకాలంలో వచ్చిన ఆశా వర్కర్ని కూడా వారం తిరక్కుండా అప్పని చేసేసింది. సత్యకుమారి మాత్రం మూడేళ్ళయినా సావుకారమ్మే. జ్వరమొస్తే నూకరత్నమే మిరియాల కషాయం పంపించింది, చీర కుచ్చిళ్ళలో జెర్రి దూరితే చీపురుతో కొట్టి చంపింది, కానీ పిలుపు మారలేదు. ఆ పిలుపు విన్నప్పుడల్లా సత్యకుమారికి గడప బయట నిలబెట్టి మాట్లాడినట్టుండేది. పైకి చెప్పుకునే బాధ కాదు గనక పెరట్లో కలుపుమొక్కల మీద తీర్చుకునేది.

అలాంటిది పోయిన వేసవిలో నూకరత్నం తనంతట తానే వచ్చింది. పొయ్యి మీద వేలాడదీసిన ఆనపబుర్రలోంచి తీసిన విత్తనాలు కొంగులో తెచ్చింది. పొగ చూరిన నల్లటి గింజలు, పక్కన తెల్లటి చార.

"మా అత్తకి ఆళ్ళత్త ఇచ్చిన ఇత్తనం ఇది. ఏసుకో. ఒక్కటే మాట సావుకారమ్మా. కొత్త సెయ్యకుండా కాయ ముట్టకూడదు. ముట్టినోరింట్లో ఇత్తనం నిలబడదు."

కొత్త అంటే ఆ కొండల మీద పండగ. ఆ ఏడు కాసిన చిక్కుణ్ణి ముందు ఊరిదేవతకీ, చనిపోయిన పెద్దలకీ పెట్టి, తర్వాత ఊరంతా ఒకే రోజున తింటారు. అప్పటిదాకా పండించినవాడు కూడా నోట్లో వేసుకోడు. చెమట తుడుచుకుంటూ సత్యకుమారి, "ఓస్ అంతేనా, అలాగే," అనేసింది.

ఇప్పుడు చూడండి ఆవిడ అవస్థ. పొద్దున్న తొమ్మిదయితే గాని మంచు విడదు. తలకి మఫ్లరు చుట్టుకుని, శ్రీనివాసరావు పాత స్వెట్టరు వేసుకుని పెరట్లోకి వెళ్తుంది. ముందు క్యాబేజీలని పలకరిస్తుంది, వాటి ఆకుల మీది మంచునీళ్ళు వొంపేస్తుంది, పొయ్యిలో బూడిద జల్లెడ పట్టి చిక్కుడు చివుళ్ళ మీద చల్లుతుంది. అంతలో ఎండ కొండ దిగి పందిరి మీదికి వస్తుంది. గుత్తులు గుత్తులుగా కాయలు, ఒక్కొక్కటీ లేతగా, వేలుతో వంచితే టప్పున విరిగేలా. సత్యకుమారి చెయ్యి దానంతటదే లేస్తుంది. అదే సమయానికి కంచె అవతల నూకరత్నం పొలానికి బయల్దేరుతూ ఆగి, పందిరి వైపు అలా చూస్తూ నిలబడుతుంది. సత్యకుమారి లేచిన చేత్తో మఫ్లరు సర్దుకుంటుంది.

"కాపలా కాస్తోందండీ," అంది ఒకరోజు మొగుడితో. "రోజూ అదే వేళకి. నా మీద నమ్మకం లేదు."

"నమ్మకం సంగతి సరే," అన్నాడు శ్రీనివాసరావు కంచంలోకి చూస్తూ. "ఇదేంటి?"

"క్యాబేజీ కూర."

"మరి ఇది?"

"క్యాబేజీ పప్పు. పక్కన పచ్చడి కూడా ఉంది."

"దేంతోనో అడగను," అన్నాడాయన. కార్తీకం నుంచి ఆ ఇంట్లో ఇదే వరస. శ్రీనివాసరావు చెడ్డవాడు కాదు గాని జిహ్వ గలవాడు. చిక్కుడుకాయ కూరలో నువ్వుపొడి దంచి చల్లితే ఎలా ఉంటుందో కొట్టుకొచ్చిన బేరగాళ్ళకి వర్ణించి చెప్పేవాడు. ఉప్పు ప్యాకెట్టు కోసం వచ్చినవాళ్ళు నోరూరి నువ్వులు కూడా కొనుక్కెళ్ళేవారు. ఇంటికొస్తే మళ్ళీ క్యాబేజీ.

అరకు చూడ్డానికి వచ్చిన టూరిస్టులు నీళ్ళ సీసాల కోసం ఆగి, పెరట్లో పందిరి కనిపించగానే దాని కింద సెల్ఫీలు తీసుకునేవారు. "ఆంటీ, ఆర్గానిక్కా? కిలో ఇస్తారా?" అని అడిగిందొక అమ్మాయి. "ఇవి తినేవి కావమ్మా," అంది సత్యకుమారి. "మరి?" "చూసేవి." ఆ పిల్ల జాలిగా చూసి వెళ్ళిపోయింది.

కొత్తకి రోజు పెడితే ఈ బాధంతా తీరిపోయేది. ఆ రోజు పెట్టవలసినవాడు దిసారి భీముడు. ఊళ్ళో తిథులూ నక్షత్రాలూ చూసి మంచిరోజు చెప్పే పెద్దాయన. ఆయన మొదట వచ్చే వారం అన్నాడు. తర్వాత డప్పు చర్మం చిరిగిందన్నాడు. డప్పు బాగయ్యాక ఎవరింట్లోనో పురుడన్నాడు. పురుడు తీరాక, నక్షత్రంలో దోషముంది, పోనివ్వండి అన్నాడు. చెవుల దాకా తువ్వాలు చుట్టుకుని, గొంతు లోపల్నించి రెండు ముక్కలు చెప్పి లోపలికి పోయేవాడు. ఊళ్ళో అందరిళ్ళలోనూ కాయలు ముదిరిపోతున్నాయి, అందరికీ తినాలనే ఉంది. దిసారితో వాదించేదెవరు?

తోటమనిషికి కాయ రాలిపోతే ఒక బాధ, ముదిరిపోతే వంద బాధలు. నిన్నటి లేతకాయ ఇవాళ పీచు పట్టడం కళ్ళారా చూస్తూ సత్యకుమారి సగమైపోయింది. అయినా ముట్టలేదు. విత్తనం నిలబడదని భయం కొంత. అంతకన్నా, తను మాట తప్పితే నూకరత్నం ఇంక సావుకారమ్మా అని కూడా పిలవదేమోనని భయం ఎక్కువ.

అప్పుడు ఈశ్వరమ్మ దిగింది.

ఈశ్వరమ్మ శ్రీనివాసరావుకి అక్క. చోడవరంలో ఆవిడ వీధిలోకి వస్తే కుక్కలు లేచి నిలబడతాయని చెప్పుకుంటారు. మంచు చూద్దామని వచ్చింది. చూసి, "ఇదేనా? మా వంటింట్లో పొగలాగే ఉంది," అంది. తర్వాత పెరట్లోకి వెళ్ళి పందిరి చూసి గుండెలు బాదుకుంది.

"ఇదేం సంసారమే సత్యా! నాలుగిళ్ళకి సరిపడా కాయలు చెట్టున ముదిరిపోతుంటే తమ్ముడికి క్యాబేజీ పెడుతున్నావా? వాడి మొహం చూడు, వాడూ ఆకులేస్తున్నాడు!"

"మాటిచ్చాను వదినా," అని సత్యకుమారి సంగతంతా చెప్పింది. ఈశ్వరమ్మ ఓపిగ్గా విని, "అలాగా," అంది. ఆవిడ 'అలాగా' అంటే ఒప్పుకున్నట్టు కాదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. సత్యకుమారి ఆ పూట కంగారులో మర్చిపోయింది.

మర్నాడు సంత. సత్యకుమారి నూకరత్నంతో కలిసి వెళ్ళి, మధ్యాహ్నానికి ఇద్దరూ బరువులు మోసుకుంటూ తిరిగొచ్చారు. నూకరత్నం దగ్గర రెండు తట్టలుంటే ఒకటి సత్యకుమారి నెత్తిన పెట్టుకుంది. దారంతా కబుర్లే. "కాసిని మంచినీళ్ళు తాగి వెళ్దువుగాని రా," అంటే నూకరత్నం మొదటిసారి కాదనకుండా వెంట వచ్చింది. సత్యకుమారికి ఎంత సంతోషమయిందంటే, వీధి మలుపు తిరిగాక గాని ఆ వాసన పట్టించుకోలేదు.

నువ్వుపొడి వాసన. దాని వెనక ఇంగువ పోపు.

లోపల శ్రీనివాసరావు కంచం ముందు కూర్చుని, మూడు నెలల తర్వాత జైలు నుంచి వచ్చినవాడిలా తింటున్నాడు. పెళ్ళాన్ని చూసి కంచంతో సహా లేచి కొట్టులోకి పోయి పంచదార బస్తాల వెనక నక్కాడు. సత్యకుమారి పరుగున వంటింట్లోకి వెళ్ళి కూరగిన్నె మీద మూత బోర్లించి, దానిమీద పొత్రం పెట్టింది.

"ఏటి వండినారు, గుమగుమలాడతంది?" అంది నూకరత్నం గుమ్మంలోంచి.

"క్యాబేజీ," అంది సత్యకుమారి.

"క్యాబేజీయా!" అంది ఈశ్వరమ్మ. తన కూరకి అంత అవమానం ఆవిడ జన్మలో ఎరగదు. ఏదో అనబోయి, మరదలి మొహం చూసి ఆగింది. ఆగి, మంచితనం కొద్దీ ఇంకో ఘోరం చేసింది. వేడివేడి అన్నం, పక్కన పచ్చగా రోటిపచ్చడి పెట్టి కంచం నూకరత్నం ముందుంచింది. "ఎండలో పడి వచ్చావు, రెండు ముద్దలు తినమ్మా. పచ్చిమిర్చి పచ్చడి."

నూకరత్నం చెయ్యి కడుక్కుని కూర్చుంది. అన్నంలో పచ్చడి కలిపింది. సత్యకుమారి అప్పుడు చూసింది. పచ్చట్లో, రోట్లో నలగకుండా మిగిలిన సన్నటి ఈనె. చిక్కుడు ఈనె.

ఊరుకుంటే సరిపోయేది. మెత్తగా నూరిన పచ్చడి, ఇంగువ దట్టంగా పడింది, నూకరత్నానికి తెలిసేది కాదు. రేపూ ఎల్లుండీ ఇలాగే సంతకి వెళ్ళొచ్చు, కబుర్లు చెప్పుకోవచ్చు. ఒక్క ఈనెని చూడనట్టు నటిస్తే చాలు. సత్యకుమారికి ఆ ఆలోచన వచ్చింది, వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ముద్ద నోటిదాకా వెళ్ళింది.

"తినకు!" అని అరిచి నూకరత్నం మణికట్టు పట్టేసుకుంది. "చిక్కుడు! అది చిక్కుడు పచ్చడి! ఆ గిన్నెలో కూడా చిక్కుడే. క్యాబేజీ అని అబద్ధం చెప్పాను. నేను తినలేదు, కొయ్యలేదు, కానీ మా ఇంట్లో తిన్నారు. ఆయన తినేశారు!"

బస్తాల వెనక నుంచి, "రుచి చూశానంతే," అని నిండిన నోటితో వినపడింది.

నూకరత్నం ముద్ద కంచంలో పెట్టింది. చెయ్యి కడుక్కుంది. తట్టలు రెండూ తనే ఎత్తుకుని వెళ్ళిపోయింది. సత్యకుమారి పెరట్లోకి పోయి క్యాబేజీల మధ్య కూర్చుని ఏడ్చింది. పందిరికి లేతకాయ ఒక్కటి లేదు. ఈశ్వరమ్మ చేతి కత్తిరింపు అలాంటిది. పై వరసలో పీచు పట్టి ఎండిపోయిన కాయల్ని మాత్రం, పనికిరావని వదిలేసింది.

సాయంత్రం దిసారి భీముడు వచ్చాడు, తువ్వాలు చెవుల దాకా చుట్టుకుని. వెనక నలుగురు పెద్దలు, వాళ్ళ వెనక నూకరత్నం.

"తప్పు జరిగిపోనాది," అన్నాడు భీముడు పెదవులు కదిపీ కదపకుండా. "తప్పుకి కోడిని ఇయ్యాల. తిన్నోడు కొత్త నాడు అందరికన్నా కడాకరిని తినాల."

"ఇస్తాం బాబూ," అంది ఈశ్వరమ్మ. "వండింది నేను, కోడిని నేనే ఇస్తాను. మా మరదలి తప్పేం లేదు. అయితే ఆ కొత్త ఎప్పుడో చెప్పు."

"దోసం ఉన్నాదమ్మా. దోసం పోవాల."

"ఎక్కడుంది దోషం?"

భీముడు చెయ్యి తూర్పుకి చూపించాడు. ఆలోచించి కొంచెం దక్షిణానికి తిప్పాడు. ఈలోగా సత్యకుమారి కళ్ళు తుడుచుకుంటూ అందరికీ టీ తెచ్చింది. పెద్దాయన ఒక గుక్క తాగాడు. గ్లాసు ఒకవైపు, ఆయన ఒకవైపు ఎగిరి, దవడ రెండు చేతులతో పట్టుకుని పెట్టిన కేకకి రోడ్డు మీద జీపు ఆగింది.

ఈశ్వరమ్మ తమ్ముడి సెల్ ఫోను లాక్కుని లైటు వేసింది. "నోరు తెరు," అంది.

దిసారిని నోరు తెరవమన్నవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు. అంతకన్నా ఆశ్చర్యం, ఆయన తెరిచాడు.

"ఇదిగో దోషం!" అంది ఈశ్వరమ్మ. "ఎడమ దవడలో ఉంది. పుచ్చి బొగ్గయిపోయింది. ఇది పెట్టుకుని ఇన్నాళ్ళూ ఊరిని పస్తు పెట్టావా నాయనా?"

పెద్దలు నలుగురూ నేల చూపులు చూశారు. అందరూ ఎప్పుడో ఊహించిందే, అనే ధైర్యం లేకపోయింది. భీముడు లవంగనూనె దూది పంటి కింద పెట్టించుకుని, కొంచెం తేరుకున్నాక నిదానంగా అన్నాడు: "సుక్కలు సూసీటోన్నమ్మా నేను. ఈ పన్ను పట్టీసిన కాడ్నుంచి పగటేళ కూడా సుక్కలే కనిపిత్తన్నాయి. ఏది మంచి సుక్కో ఎలగ సెప్పీది?"

ముందు నవ్వింది నూకరత్నం. చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. తర్వాత అందరూ నవ్వారు, దవడ పట్టుకుని భీముడు కూడా. అయినా వెళ్ళేటప్పుడు నూకరత్నం సత్యకుమారి వైపు చూడలేదు.

మర్నాడు భీముడు జీపెక్కి ఆసుపత్రికి వెళ్ళి పన్ను పీకించుకొచ్చాడు. వచ్చీ రాగానే నక్షత్రాలన్నీ వాటంతటవే కుదురుకున్నాయి. వచ్చే మంగళవారమే కొత్త అన్నాడు.

మంగళవారం పొద్దున్న మంచు ఇంకా విడలేదు. సత్యకుమారి పెరట్లో ఊరికే నిలబడి ఉంది. కంచె పక్కన నూకరత్నం వచ్చి ఆగింది. చేతిలో ఆనపబుర్ర. తలకిందులుగా పట్టుకుంది, లోపల్నించి ఏమీ రాలలేదు.

"నా పాదు మేక మేసీసింది," అంది. "కార్తీకంలోనే, మొదలంటా. నా మేకే. ఎవలితో సెప్పుకుంతాను? బుర్రలో ఉన్నదంతా నీకూ నాకూ ఏసీసినాను. రోజూ ఒచ్చి సూసుకుని ఎల్లీదాన్ని, నీ కాడైనా ఉన్నాది కదాని. మీ వదినమ్మ కోసీసినాదంటే నాకు గుండాగిపోనాది. ఒక్క కాయైనా ఉందేటి?"

కాపలా కాదన్నమాట. ఇన్నాళ్ళూ తన పందిరి కేసి ఆ మనిషి అత్తవారి విత్తనం బతికుందో లేదోనని చూసుకుంటోంది. సత్యకుమారికి సిగ్గూ ఏడుపూ కలిపి వచ్చాయి. స్టూలు తెచ్చి ఎక్కింది. పై వరసలో ఈశ్వరమ్మ పనికిరావని వదిలేసిన ఎండుకాయల్ని గుత్తులుగా తుంచి కొంగులో పోసుకుంది. ఇద్దరూ కంచెకి అటొకరు ఇటొకరు కూర్చుని ఒలిచారు. నల్లటి గింజ, పక్కన తెల్లటి చార. బుర్ర నిండి ఇంకా మిగిలాయి.

"ఆవిడ వదిలేసింది కాబట్టి ఉన్నాయి," అంది సత్యకుమారి.

"నువ్వు ముట్టనేదు కాబట్టి ముదిరినాయి," అంది నూకరత్నం.

మధ్యాహ్నం ఊరిదేవత దగ్గర డప్పు మోగింది. ఈశ్వరమ్మ కోడి గుడి ముందు చాలాసేపు అరిచింది, తర్వాత అరవలేదు. భీముడు కొత్తచిక్కుడు దేవతకి పెట్టి, పెద్దల పేర్లు పిలిచి పెట్టి, బోడి దవడతో మొదటి గింజ నమిలి ఊరంతటికీ తలూపాడు. అడ్డాకు దొన్నెలు చేతపట్టుకుని అందరూ బారుగా కూర్చున్నారు. నూకరత్నం కుండ చంకన పెట్టుకుని వడ్డిస్తూ వచ్చింది. సత్యకుమారి దగ్గరికి వచ్చి ఆగింది.

"అప్పా, దొన్ని పట్టు," అంది. "బేగి పట్టప్పా, సెయ్యి కాలిపోతంది."

సత్యకుమారి రెండు చేతులా దొన్నె పట్టింది. మొదటి ముద్దకి ఉప్పు ఎక్కువో, అవి కళ్ళనీళ్ళో ఆవిడకి తెలియలేదు. అంత రుచైన చిక్కుడు ఆవిడ పుట్టాక తినలేదు.

బారు చివర, కుక్కల పక్కన, శిక్ష ప్రకారం శ్రీనివాసరావు కూర్చున్నాడు. ఆయన దాకా వచ్చేసరికి నూకరత్నం కుండలో గరిటె గీకిన చప్పుడైంది. ఆవిడ వెనక్కి తిరిగి, "అప్పా, అడుగంటీసింది! బావకి ఏటి ఎయ్యను?" అని కేకేసింది.

సత్యకుమారి లేచింది. ఎందుకైనా మంచిదని ఇంటి నుంచి తెచ్చిన గిన్నె మూత తీసింది. శ్రీనివాసరావు చూడకుండానే దొన్నె చాపాడు, వాసనకే తెలిసిపోయింది, క్యాబేజీ.